అనుమతించిన మోతాదులో భారలోహం

మన పట్టణంలో మొట్టమొదటి సంప్రదాయ హెవీ మెటల్ ఆల్బమ్ ఇటీవల సమస్త అనుమతులతో విడుదలైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అందులో ఎనిమిది పాటలున్నాయి. రెండు గిటార్లు, ఒక బేస్ గిటారు, డ్రమ్స్, గొంతు, అన్నీ ఒక్క మనిషివే. దానికి జతచేసిన పత్రాలు నూట నలభై ఆరు పేజీలు. పాటల సంగతి తర్వాత చూద్దాం. పద్ధతి ప్రకారం ముందు పత్రాలు.

హెవీ మెటల్ అంటే కరెంటు గిటార్లతో, డ్రమ్స్‌తో, గోడలు అదిరేలా వాయించే సంగీతమని మీకు తెలిసే ఉంటుంది. అందులో ఏటేటా కొత్త పోకడలు వచ్చాయి. అవేవీ అంటకుండా, మొదట్లో మొదలుపెట్టినవాళ్ళు ఎలా వాయించారో అచ్చం అలాగే వాయిస్తే దాన్ని సంప్రదాయ హెవీ మెటల్ అంటారు. ఈ ఒక్క మాట వల్ల ఎంత పని జరిగిందో ముందు ముందు తెలుస్తుంది.

ఆల్బమ్ చేసినతను వృత్తిరీత్యా కాటాలు బాగుచేస్తాడు. అంగళ్ళలో కాటా తప్పు చూపిస్తే అతనికి కబురు వస్తుంది. అతని సంచిలో ఎప్పుడూ తూకపురాళ్ళు ఉంటాయి. పేరుకు రాళ్ళే గాని ఇనుపవి. కిలో, రెండు కిలోలు, ఐదు, పది, ఇరవై. ఆఫీసు ఫైలులో అతన్ని 'ఏకసభ్యుడు' అని రాశారు. ఫైలును గౌరవించి మనమూ అలాగే పిలుద్దాం.

ఏకసభ్యుడు అమ్మతో ఉంటాడు. ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు గిన్నెల కార్ఖానాలో ప్రెస్సు మిషను దగ్గర పనిచేసింది. కింద రేకు పెట్టి చెయ్యి తీసుకుంటే, పైనుంచి మిషను గుద్ది కంచం చేస్తుంది. రోజుకు రెండు వేల కంచాలు. ఆమె రిటైరైన రోజున కార్ఖానావాళ్ళు ఒక గోడ గడియారం బహూకరించారు. దాని టిక్కు టిక్కు చాలా స్పష్టంగా వినిపిస్తుందని అట్టపెట్టె మీద రాసి ఉంది. ఆమెకు వినిపించలేదు. ఆమెకు మిగిలింది ఒక అలవాటు. ఏ బల్ల ముందు కూర్చున్నా వేళ్ళతో మిషను దెబ్బ కొడుతూ ఉంటుంది. కొడుతున్నట్టు ఆమెకు తెలియదు.

ఆల్బమ్ ఇంకా రెండు పాటల దూరంలో ఉండగా చెవుల డాక్టరు ఆమెను పరీక్షించాడు.

"కుడి చెవి అయిపోయిందమ్మా. ఎడమది మహా అయితే మూడు నెలలు," అన్నాడు, కొడుకు వైపు చూస్తూ. "సన్నటి శబ్దాలు ఇక రావు. లావుపాటివే. అవి కూడా ఛాతీకి తగిలేంత గట్టిగా ఉంటేనే."

"అలాంటి శబ్దాలు ఏముంటాయండీ?"

డాక్టరు చీటీ రాస్తూ, "ఇళ్ళలో ఉండవులెండి," అన్నాడు.

ఇళ్ళలో ఉండవన్నది నిజమే. పై అంతస్తు పెద్దమనిషికి భయపడి, ఏకసభ్యుడు ఆల్బమ్ మొత్తం చప్పుడు లేకుండా చేశాడు. గిటార్లను వైరుతో నేరుగా కంప్యూటరుకు కలిపాడు. డ్రమ్స్ బదులు రబ్బరు పలకలు కొట్టాడు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తల ముందుకూ వెనక్కూ ఊపుతూ ఉండేవాడు. పాట పాడాల్సి వచ్చినప్పుడు ఊరి బయటి ఖాళీ గోదాములోకి వెళ్ళి, అక్కడి పెద్ద కాటాను బాగుచేసే నెపంతో అరిచి వచ్చేవాడు. అమ్మ గది గుమ్మంలో నిలబడి చూసేది.

"మెడ ఇంకా పట్టేసే ఉందా నాన్నా?" అని అడిగి, మందు రాసి వెళ్ళేది.

డాక్టరు చెప్పాక మిగిలిన రెండు పాటలూ పంతొమ్మిది రోజుల్లో ముగించాడు. హెడ్‌ఫోన్లు ఆమె ఎడమ చెవికి పెట్టి పూర్తిగా పెంచాడు.

"దోమ తిరుగుతున్నట్టుంది రా," అంది ఆమె. ఆ తర్వాత కొడుకు ముఖం చూసి, "మంచి దోమే," అంది.

కాబట్టి పెద్ద స్పీకరు పెట్టెలు కావాలి. అవి పట్టణంలో ఒక్కచోటే ఉన్నాయి, పురపాలక సభామందిరంలో. అందుకు కళల కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. అదేరోజు ఏకసభ్యుడు వంటగదిలో కిలో రాయిని నేల మీద పడేసి చూశాడు. ముందు గదిలో ఉన్న అమ్మ, "ఏం పడింది రా?" అంది. చెవి పనిచేస్తోంది. కాటాలు బాగుచేసేవాడు కనుక లెక్క రాసి పెట్టుకున్నాడు: ఒక కిలో.

కళల కార్యాలయంలో ఫారాల గుమస్తా చాలా మర్యాదస్తుడు. ఎవరినీ కూర్చోబెట్టకుండా పంపడు. ఎవరి పనీ చేసి పంపడు. ఫారంలో మొదటి ప్రశ్న కళారూపం. సంప్రదాయం, ఆధునికం, ఇతరం. ఏకసభ్యుడు నిజాయితీగా 'సంప్రదాయం' దగ్గర టిక్కు పెట్టి, పక్కన 'హెవీ మెటల్' అని రాశాడు. పరభాషా పదాలను అనువదించి నమోదు చేయాలని నియమం ఉంది. గుమస్తా నిఘంటువు తీసి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, 'భారలోహం' అని రాసుకున్నాడు.

రెండో ప్రశ్న సభ్యుల సంఖ్య. కనీసం ఐదుగురు.

"నేనొక్కణ్ణేనండి."

"ఒక్కరైతే బృందం ఎలా అవుతుంది సార్?"

"ఐదు వాద్యాలూ నేనే వాయించానండి."

"వాద్యాలు సంతకాలు పెట్టవు కదా." గుమస్తా జాలిపడ్డాడు. "మీ పని ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. ఒక పని చేయండి. ఐదు రోజులు రండి. రోజుకొకరు."

అతను ఐదు రోజులు వెళ్ళాడు. గుమస్తా ఐదు రోజులూ అతన్ని కొత్తగా పలకరించి, బృందంలో ఆయన పాత్ర ఏమిటని అడిగి తెలుసుకున్నాడు. ఆరో రోజున ఐదు సంతకాలూ ఒకేలా ఉన్నాయని, ఇది ఫోర్జరీ కిందికి వస్తుందని చెప్పాడు. ఏకసభ్యుడు మళ్ళీ ఐదు రోజులు వెళ్ళి ఐదు రకాలుగా సంతకాలు పెట్టాడు. బేస్ గిటారు వాయించే సభ్యుడు ఎడమచేత్తో పెట్టాడు. అతని దస్తూరి అందరికంటే బాగుందని గుమస్తా మెచ్చుకున్నాడు.

తర్వాత బృందం సర్వసభ్య సమావేశం జరపాలి, తీర్మానాలు రాయాలి. ఏకసభ్యుడు ఇంట్లో సమావేశమయ్యాడు. అధ్యక్షుడిగా గాయకుణ్ణి ఏకగ్రీవంగా ఎన్నుకున్నాడు. అబద్ధం రాయడం చేతకాదు కనుక చివర్లో, 'మూడో పాటలో డ్రమ్స్ ఒక్క పిసరు ఆలస్యం' అని కూడా రాశాడు. గుమస్తా అది చదివి నిట్టూర్చి, ఆలస్యానికి సంజాయిషీ కోరుతూ డ్రమ్మర్ పేర తాఖీదు పంపాడు. దాన్ని అందుకున్నట్టు అధ్యక్షుడు సంతకం చేశాడు. డ్రమ్మర్ ఒక్క మాటలో జవాబిచ్చాడు: 'కావాలనే.'

కావాలనే ఆలస్యం చేశానని రాతపూర్వకంగా ఒప్పుకున్న మనిషి ఆ కార్యాలయం చరిత్రలో అతనొక్కడే. ఆ పని అక్కడ చాలామంది చేస్తారు గాని ఒప్పుకోరు. జవాబును అద్దం పటంలో పెట్టాలన్న ప్రతిపాదన ఇంకా పరిశీలనలో ఉంది.

ఇంట్లో రెండు కిలోల రాయి పడేస్తే గాని అమ్మ తల తిప్పడం లేదు.

సంప్రదాయమని టిక్కు పెట్టినందువల్ల ఫైలు సంప్రదాయ నిపుణుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన పెద్దమనిషి. సంప్రదాయం మీద ఆయన ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చారు. వాటిలో మొదటిది విన్నవారికి తక్కినవి వినాల్సిన అవసరం లేకపోవడం ఆయన నిలకడకు నిదర్శనం. ఫారంలో 'గురువు పేరు' అన్నచోట 'అమ్మ' అని ఉంది.

"అమ్మగారిది ఏ వాద్యం బాబూ?"

"ప్రెస్సు మిషనండి. కంచాలు చేసేది."

నిపుణుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మ మీద గౌరవం ఉండాలి. కాదనను. కాని ఇది సంప్రదాయం. గురువు రాయాలి."

"మిగతాదంతా క్యాసెట్లు విని నేర్చుకున్నానండి."

"అలా చెప్పు మరి." ఆయన 'అమ్మ' కొట్టేసి 'క్యాసెట్' అని రాశారు. అచ్చుకాగితాలతో పనిలేకుండా చెవి నుంచి చెవికి అందిన విద్య కనుక ఇది విశుద్ధ మౌఖిక సంప్రదాయమని రెండు పేజీల యోగ్యతాపత్రం ఇచ్చారు. పాటలు వింటారా అని ఏకసభ్యుడు అడిగాడు. వింటే నిష్పాక్షికత దెబ్బతింటుందని ఆయన వినలేదు.

ఐదు కిలోలు.

అన్నీ ముగిశాయనుకున్నాక గుమస్తాకు అసలు విషయం గుర్తొచ్చింది. భారలోహాలు ఆరోగ్యానికి హానికరం. చెరువు నీళ్ళలో భారలోహాలున్నాయని పేపరులో వచ్చినప్పుడల్లా ఆయన ఇంట్లో నీళ్ళు కాచుకుని తాగుతాడు. అలాంటిది పబ్లిక్ సభలో, పిల్లలూ పెద్దలూ ఉండగా, పరీక్ష లేకుండా ఎలా వదులుతారు? ఫైలు కాలుష్య పరిశోధనశాలకు వెళ్ళింది. నమూనాగా ఆల్బమ్ డిస్కులు రెండు ఇవ్వమన్నారు. ఒకదాన్ని ముక్కలు చేసి ఆమ్లంలో మరిగించారు. రెండోదాన్ని పోల్చి చూడటానికి ఉంచుకున్నారు. పదిహేడు రోజుల తర్వాత నివేదిక వచ్చింది: 'నమూనాలో సీసం, పాదరసం, కాడ్మియం గుర్తించదగిన స్థాయిలో లేవు. ఈ ఆల్బమ్‌లో భారలోహం లేదని ధ్రువీకరిస్తున్నాం.'

ఏకసభ్యుడు ఆ కాగితం పట్టుకుని పరుగున వచ్చాడు. గుమస్తా దాన్ని రెండుసార్లు చదివాడు.

"భారలోహం ఉందని మీరు రాసిచ్చారు. లేదని వాళ్ళు రాసిచ్చారు. రెండింట్లో ఒకటి తప్పు సమాచారం అవుతుంది సార్."

"ఆ లోహం వేరు, ఈ లోహం వేరండీ."

"లోహంలో మళ్ళీ తేడాలేంటండి?"

"మా అమ్మకు చెవులు పోతున్నాయండి," అన్నాడు ఏకసభ్యుడు. కార్యాలయంలో అతను సంగీతం గురించి కాకుండా వేరే మాట మాట్లాడటం అదే మొదటిసారి. "ఇంకో పదిహేను రోజులుంటాయేమో. ఈలోగా ఒక్కసారి వినిపించాలి. అంతే."

గుమస్తా నిజంగానే కదిలిపోయాడు. కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. "ఈ ముక్క మొదటిరోజే చెప్పాల్సింది. మానవతా కోణానికి వేరే ఫారం ఉంది," అన్నాడు. "దానికి మూడు నెలలు పడుతుంది గాని, బాగుంటుంది."

చివరికి ఆయనే దారి చూపించాడు. ఉందనీ కాదు, లేదనీ కాదు, 'అనుమతించిన మోతాదులో భారలోహం' అని ఆల్బమ్ అట్ట మీద అచ్చు వేయాలి. ఇద్దరి మాటా నిలబడుతుంది. అలాగే వేశారు. మోతాదు ఎంతో తేల్చడానికి శబ్దనియంత్రణ విభాగం నుంచి మీటరు అధికారి వచ్చాడు. సభామందిరానికి ఒకవైపు గ్రంథాలయం, ఒకవైపు ఆసుపత్రి, వెనక ఇళ్ళు. గ్రంథాలయం వైపు తగ్గించాల్సినంత తగ్గించాడు. అందులోంచి ఆసుపత్రి వైపుది తీసేశాడు. మిగిలినదాంట్లోంచి ఇళ్ళ వైపుది తీసేశాడు. తీసివేతలో ఒక్క తప్పూ లేదు. మిగిలింది రెండు డెసిబెళ్ళు. పక్కన ఆకు రాలినా అంతకంటే ఎక్కువే వినిపిస్తుంది.

"రెండుకు అనుమతి వచ్చింది, చాలామందికి అది కూడా రాదు," అన్నాడు మీటరు అధికారి, చెయ్యి కలుపుతూ.

ఇంట్లో పది కిలోల రాయి అయిపోయింది. ఇరవై కిలోలది రెండు చేతులతో ఎత్తి పడేస్తే, వంటగది నేల పగిలింది. పై అంతస్తు పెద్దమనిషి దిగి వచ్చాడు. అమ్మ మాత్రం బల్ల ముందు కూర్చుని, కాసేపాగి, "ఏదో పడ్డట్టుంది," అంది. డాక్టరు చెప్పిన మూడు నెలలకు నాలుగు రోజులు తక్కువ.

ఆవిష్కరణ సభ సాయంత్రం నాలుగు గంటలకు. మూడు వందల పన్నెండు మంది హాజరయ్యారు. టీ, బిస్కెట్లు ఉంటాయని ఆహ్వానపత్రికలో కొద్దిగా పెద్ద అక్షరాల్లో ఉంది. అమ్మను ముందు వరుసలో, స్పీకరు పెట్టెకు ఎదురుగా కూర్చోబెట్టారు. ఆ పెట్టెలు మనిషంత ఎత్తున్నాయి. ఆమె వాటిని చూసి, "ప్రెస్సు మిషన్లలా ఉన్నాయి," అని కొడుకుతో అంది.

ముందు ఉపన్యాసాలు. వాటికి మైకు పూర్తిగా పెంచారు, ఎందుకంటే మోతాదు ఆల్బమ్‌కే గాని ఉపన్యాసాలకు వర్తించదు. సభాధ్యక్షులు ఇలా సెలవిచ్చారు:

"నేటి యువత ఐక్యత నేర్చుకోవాలంటే ఈ బృందాన్ని చూడాలి. ఐదుగురిలో ఒకరి మీద ఒకరు చాడీ చెప్పగా నేను వినలేదు. ఐదుగురూ ఒక్క మనిషిలా పనిచేశారు. ఈ రోజుల్లో ఒక కుటుంబంలో కూడా ఇది సాధ్యం కాదు."

నిపుణుడు సంప్రదాయం గురించి గంటసేపు మాట్లాడారు. పరిశోధనశాల అధికారి ఆల్బమ్ ఆరోగ్యకరమని హామీ ఇచ్చారు. అప్పుడు మీటరు అధికారి లేచి, యంత్రం చూసుకుంటూ, మైకు మనిషికి సైగ చేశాడు. ఆల్బమ్ మొదలైంది.

నలభై ఒక్క నిమిషాలు నడిచింది. పెట్టెల మీద ఎర్ర దీపాలు వెలిగి ఆరుతూ ఉండటం వల్ల నడుస్తోందని తెలిసింది. మొదటి రెండు నిమిషాలు జనం పక్కవాళ్ళ ముఖాలు చూసుకున్నారు. తర్వాత అధ్యక్షులు కళ్ళు మూసుకుని తల ఊపారు. నిపుణుడు తొడ మీద తాళం వేశారు. మూడో నిమిషం నుంచి సభంతా తల ఊపింది. నాలుగో పాట దగ్గర వెనక వరుసలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఎర్ర దీపాలు ఆరిపోగానే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మీటరు ముల్లు ఎనభై దాటింది. అది చప్పట్లది కనుక అధికారి రాసుకోలేదు.

అధ్యక్షులు మైకు తీసుకొచ్చి అమ్మ చేతికిచ్చారు. "తల్లిగా మీకేమనిపించిందో చెప్పండమ్మా."

ఆమె ఆయన పెదవులు జాగ్రత్తగా చూసి, అర్థం చేసుకుంది.

"బానే ఉంది బాబూ," అంది. "ఎప్పుడు మొదలుపెడతారు?"

సభలో ఎక్కడో ఒకరు "పాపం" అన్నారు. "చెవుడంట," అని ఇంకొకరు పక్కవారికి వివరించారు. ఆమె దురదృష్టానికి అధ్యక్షులు సభ తరఫున సానుభూతి ప్రకటించి, టీకి వరండాలోకి రమ్మన్నారు.

మందిరంలో ముగ్గురు మిగిలారు. ఏకసభ్యుడు, అమ్మ, వైర్లు చుడుతున్న మైకు మనిషి. మైకు మనిషి ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉపన్యాసాలు వింటున్నాడు. అందువల్ల తక్కువ మాట్లాడతాడు.

"మీటరాయన తన పెట్టె సర్దేశాడన్నా," అన్నాడు. "నా పెట్టెలు సర్దడానికి ఇంకో అరగంట పడుతుంది."

ఏకసభ్యుడు అతని వైపు చూశాడు.

"ఎంత పెట్టమంటావు?" అన్నాడు మైకు మనిషి.

"ఉన్నంత."

మొదటి దెబ్బకి ఖాళీ కుర్చీలు కదిలాయి. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అమ్మ లేచింది. ఎవరూ చెప్పకుండానే పెట్టె దగ్గరికి వెళ్ళి, పొయ్యి మీది వేడి చూసినట్టు ముందు కొద్దిగా, తర్వాత పూర్తిగా, దాని మీద అరచెయ్యి ఆనించింది. ఎడమ చెవి ఆనించింది. ఒక పాట అయింది. రెండోది అయింది. మూడో పాట మొదలైన కాసేపటికి తల తిప్పి కొడుకును చూసింది.

"ఇది మూడో నంబరు మిషను కదరా."

అతను తల ఊపాడు.

"దెబ్బ ఒక్క పిసరు వెనకబడేది. మేస్త్రీ రెండుసార్లు మెకానిక్‌ను పిలిపించాడు. బాగుపడలేదు." ఆమెకు తన గొంతు వినపడదు కనుక గట్టిగా అరిచి చెబుతోంది. "ఆ పిసరులోనే మేం చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళం. మిగతా మిషన్ల దగ్గర ఎంతమందికి వేళ్ళు పోయాయో. మూడో నంబరు దగ్గర ఒక్కరికీ పోలేదు." అరచెయ్యి తీసి చూసుకుంది. ఐదు వేళ్ళూ ఉన్నాయి. మళ్ళీ ఆనించింది. "నీకెలా తెలుసు? నువ్వెప్పుడూ కార్ఖానాకు రాలేదుగా."

అతను ఆమె వేళ్ళను చూపించాడు. పెట్టె చెక్క మీద అవి కొడుతూనే ఉన్నాయి, డ్రమ్స్‌తో పాటు, ఒక్క పిసరు ఆలస్యంగా.

ఐదో పాట సగంలో ఎవరో కరెంటు తీసేశారు.

"అయిపోయిందా?" అంది అమ్మ.

"ఇంకా మూడున్నర ఉన్నాయమ్మా," అన్నాడు అతను. ఆమె అతని పెదవులు చూడటం లేదు. వేళ్ళు కొడుతూనే ఉన్నాయి.

ఆ తర్వాతి సోమవారం ఇరవై కిలోల రాయి మళ్ళీ ఎత్తి పడేశాడు. పై అంతస్తు పెద్దమనిషి దిగి వచ్చాడు. అమ్మ తల తిప్పలేదు. లెక్క రాసే పుస్తకంలో అదే చివరి గీత.

ఇక మిగిలింది కార్యాలయం తుది నివేదిక. అందులో రెండు అంశాలున్నాయి. ఒకటి, ఆవిష్కరణ దిగ్విజయంగా జరిగింది. హాజరైన మూడు వందల పన్నెండు మందిలో వినికిడి లోపం ఉన్నట్టు తేలినది ఒక్కరికి మాత్రమే. రెండు, అదే సాయంత్రం సభామందిరం నుంచి అనుమతికి మించిన మోతాదులో భారలోహం వెలువడిందని, టీ తాగుతుండగా చెవులు చిల్లులు పడ్డాయని వరండాలోంచి ఫిర్యాదు అందింది. దాని మీద విచారణ జరుగుతోంది. డ్రమ్మర్‌కు తాఖీదు వెళ్ళింది.

ఫిర్యాదు ఫారంలో 'నాకు వినికిడి సక్రమంగా ఉన్నదని ప్రమాణం చేస్తున్నాను' అనే గడి ఒకటి ఉంది. ఏకసభ్యుడూ అమ్మా మైకు మనిషీ తప్ప, వచ్చినవాళ్ళందరూ ఆ గడి కింద సంతకాలు పెట్టారు. నాదీ అందులో ఉంది. పెట్టేటప్పుడు చూశాను. మీది నాదానికంటే రెండు గీతలు పైనే ఉంది.